రఖ్మానినోవ్ కాన్సెర్టో రఖ్మానినోవే వాయిస్తే ఇంత పొడిగా ఉందేంటి?

కీబోర్డు_కిట్టు
రష్యన్ కంపోజరు, పియానిస్టు రఖ్మానినోవ్ రాసిన రెండో పియానో కాన్సెర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే పెద్ద కృతి) అంటే నాకు పియానిస్టు రిక్టర్ 1959లో వార్సా ఫిల్హార్మోనిక్‌తో చేసిందే. మొదట్లో ఆ ఎనిమిది కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) ఎక్కడో దూరాన మొదలై మీద మీదకి వచ్చేస్తాయి చూడండి, అక్కడే నేను ఫ్లాట్. సరే, రాసినాయన స్వయంగా వాయించింది కూడా ఉంది కదా అని 1929 రికార్డు పెట్టాను, కండక్టరు స్టొకోవ్‌స్కీ, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా. ఏంటండీ ఇది? రైలు తప్పిపోతుందన్నట్టు వాయించాడు. కార్డ్స్ ఇలా మొదలై అలా అయిపోయాయి, వయొలిన్ల మీద ఆ పెద్ద పాట వచ్చేసింది, అదీ ఎక్కడా ఆగకుండా పోతూనే ఉంది. రెండో మూవ్‌మెంట్‌లో (నెమ్మదిగా సాగే రెండో భాగం) కాస్త కళ్లు తుడుచుకుందామని కూర్చుంటే ఆ టైమే ఇవ్వలేదు మహానుభావుడు. పైగా వెనకాల బుసబుస. నా అనుమానం ఒక్కటే: ఇది ఆయనకి నిజంగా ఇష్టమైన వేగమా, లేక గ్రామఫోన్ ప్లేటులో పట్టాలని పరిగెత్తాడా? రాసినవాడు వాయించాడు కాబట్టి ఇదే కరెక్టు అనే మాట మాత్రం నాకు ఎక్కట్లేదు.

బెజవాడబాబు
ప్లేటులో పట్టించడానికే. ఆ రోజుల్లో అందరిదీ అదే బాధ.

పాతప్లేట్లు
బాబు గారు, అందరూ అనే మాటే గానీ ఇక్కడ లెక్క కుదరదు. 12 అంగుళాల ప్లేటుకి ఒక వైపు నాలుగు నిమిషాల చిల్లర పడుతుంది. ఈ కాన్సెర్టోకి రికార్డులు వేసే విక్టర్ కంపెనీ ఐదు ప్లేట్లు ఇచ్చింది, అంటే పది వైపులు. మొత్తం వాయించింది 31-32 నిమిషాలు. వైపుకి సగటున మూడు నిమిషాల పైచిలుకే అయింది. ఇంకో నాలుగైదు నిమిషాలు తాపీగా వాయించినా చోటు మిగిలేది. చోటు లేక పరిగెత్తినవాడు అంత ఖాళీ ఎందుకు వదిలేస్తాడు?

రిక్టర్‌ది దీనికన్నా మూడు నిమిషాలకు పైనే ఎక్కువ. అదీ హాయిగా పట్టేది.

కీబోర్డు_కిట్టు
పాతప్లేట్లు గారూ, లెక్క బాగుంది. అయితే ఇంకా ఘోరం. చోటుండి కూడా పరిగెత్తాడా?

నల్లమెట్లు
స్కోరు (అచ్చయిన స్వరలిపి) తెరిచి చూడు కిట్టూ. మొదటి మూవ్‌మెంట్ మీద మోడెరాటో (మధ్యస్థ వేగం) అని రాసి, పక్కనే మెట్రోనోమ్ (వేగం కొలిచే యంత్రం) అంకె కూడా ఇచ్చాడు, అర నోటుకి 66, అంటే నిమిషానికి 66 అర నోట్లు. మెట్రోనోమ్ పెట్టుకుని ఏ రికార్డుతోనైనా సరిచూడు. తర్వాతి వాళ్లలో చాలామంది ఆ అంకెకి బాగా వెనక ఉంటారు. రాసినాయన పొదుపుగా వాయించలేదు, మిగతావాళ్లే సాగదీశారు. అరవై ఏళ్లు సాగదీసింది విని విని అదే అసలు వేగం అనుకుంటున్నాం.

ఆ కార్డ్స్ సంగతి కూడా చెప్తా. ఎడమ చెయ్యి పది తెల్లమెట్ల దూరం పట్టాలి, పట్టి మధ్యలో మిగతా స్వరాలు నొక్కాలి. నా చెయ్యి తొమ్మిదికే గుంజుకుంటుంది. అందుకే నాలాంటి వాళ్లు కింది స్వరాన్ని ముందు కొట్టి పైవి తర్వాత కొడతారు, దాంతో సహజంగానే నెమ్మదవుతుంది. జనం దాన్ని గంభీరం అనుకుంటారు :) ఆయనకి పదమూడు మెట్లు అందేవంటారు.

సుత్తి_లేకుండా
మనిషి ఆరడుగుల ఆరంగుళాలు. స్ట్రావిన్‌స్కీ ఆయన్ని ఆరున్నర అడుగుల చిటపట మొహం అన్నాడట. చేతులు కూడా దానికి తగ్గట్టే.

వైజాగ్_వీణ
చేతుల గురించి ఒకాయన మార్ఫాన్ సిండ్రోమ్ (ఒళ్లు, వేళ్లు మరీ పొడవుగా పెరిగే జబ్బు) అని కూడా రాశాడు కదా, 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో.

నల్లమెట్లు
రాశాడు. అది ఊహ, రుజువు లేదు. మార్ఫాన్ ఉన్నవాళ్లకి గుండె, కళ్ల ఇబ్బందులు వస్తాయి, ఈయనకి అలాంటివి ఉన్నట్టు ఎక్కడా కనబడదు. 1943లో పోయింది మెలనోమా క్యాన్సర్‌తో.

రాగమాలిక
నాకు కిట్టు గారి రెండో మాట మీద మాట్లాడాలని ఉంది, రాసినవాడి వాయింపే ప్రమాణమా అని. మూడో కాన్సెర్టో తీసుకోండి. 1939-40లో కండక్టరు ఆర్మాండీతో చేసిన రికార్డులో ఆయన తన సంగీతాన్నే కొన్నిచోట్ల కోసేశాడు. మొత్తం 34 నిమిషాల లోపే. ఈరోజు ఎవరూ అలా కొయ్యరు, 40 దాటిస్తారు. మొదటి మూవ్‌మెంట్‌లో పెద్ద కాడెంజా (పియానో ఒంటరిగా వాయించే భాగం), చిన్న కాడెంజా రెండూ ఆయనే రాశాడు, తాను వాయించింది మాత్రం తేలికపాటి చిన్నదే. మరి ప్రమాణం ఏది, అచ్చులో ఉన్నదా, ప్లేటు మీద ఉన్నదా? రెండూ ఆయనవే.

పాతప్లేట్లు
కోతలకి కారణం సమయం కాదు, భయం. తన సంగీతం జనానికి విసుగు పుట్టిస్తుందేమోనన్న భయం ఆయనకి చివరిదాకా పోలేదు. 1931లో కొరెల్లి వేరియేషన్స్ (ఒకే పాటని ఇరవై రకాలుగా మార్చి రాసిన పియానో కృతి) రాశాక కంపోజరు మెట్నర్‌కి ఉత్తరం రాశాడు: హాల్లో దగ్గులు పెరిగితే తర్వాతి వేరియేషన్ దాటేస్తున్నాను, దగ్గు లేకపోతే వరసగా వాయిస్తున్నాను అని. ఒక చిన్న ఊళ్లో మరీ దగ్గారట, ఇరవైలో సగమే వాయించాడు. ఇరవై వేరియేషన్లూ వాయించిన కచేరీ తనకి గుర్తులేదంటాడు. ఆ ముక్కని రికార్డు కూడా చెయ్యలేదు.

సుత్తి_లేకుండా
దగ్గుల మీద ఎడిటింగ్. మన కచేరీల్లో అయితే ఎడిట్ చేసి చేసి మంగళమే మిగిలేది.

బెజవాడబాబు
😂😂 క్యాంటీన్‌కి వెళ్లేవాళ్లని కూడా లెక్కలో వేస్తే అదీ మిగలదు

పల్నాటి_పిల్ల
ఈ భయం అంతా మొదటి సింఫనీ దెబ్బే కదా. 1897లో పీటర్స్‌బర్గ్‌లో గ్లాజునోవ్ కండక్ట్ చేస్తే ఘోరంగా ఫెయిలైంది. సీజర్ క్యూయీ అనే ఆయన ఈజిప్టు మీద పడ్డ పది తెగుళ్లతో పోల్చి రాశాడు. కుర్రాడికి అప్పటికి 24 నిండలేదు, హాలు బయట మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నాడంటారు. మూడేళ్లు పెన్ను పట్టలేదు. తర్వాత డాక్టర్ నికొలాయ్ డాల్ హిప్నాటిజం చేసి బాగుచేశాడు, అప్పుడు వచ్చిందే ఈ రెండో కాన్సెర్టో, అంకితం కూడా ఆ డాక్టరుకే.

రాగమాలిక
పిల్ల గారూ, మూడేళ్లూ మంచం మీద ఉన్నట్టు చెప్పేస్తున్నారు అందరూ. కంపోజింగ్ ఆగిన మాట నిజం. కానీ 1897-98లో మామొంతోవ్ ప్రైవేటు ఒపేరాలో కండక్టరుగా పనిచేశాడు, గాయకుడు షల్యాపిన్‌తో జీవితాంతం నిలిచిన స్నేహం గట్టిపడింది అక్కడే. డాల్ కూడా వట్టి హిప్నాటిస్టు కాదు, వియోలా వాయించేవాడు, సంగీతం మాట్లాడగల మనిషి. కుర్చీలో కూర్చోబెట్టి రోజూ సంగీతం గురించి మాట్లాడే మనిషి దొరికితే ఎవరికైనా సగం జబ్బు తగ్గుతుంది.

గ్లాజునోవ్ తాగి ఉన్నాడన్నది రఖ్మానినోవ్ భార్య చెప్పిన మాట, తేలిన విషయం కాదు. ఆ సింఫనీని ఆయన మళ్లీ వాయించనివ్వలేదు. ఆయన పోయాక లెనిన్‌గ్రాడ్‌లో ఆర్కెస్ట్రా పార్టులు దొరికితే వాటి నుంచి స్కోరు కట్టి 1945లో మాస్కోలో వాయించారు. విని చూడండి, పది తెగుళ్లేం లేవు అందులో.

కీబోర్డు_కిట్టు
ఇదంతా బాగానే ఉంది గానీ, భయపడి కోసుకోవడం వేరు, పొడిగా వాయించడం వేరు. నా ప్రశ్నకి ఇది జవాబు కాదు.

నల్లమెట్లు
పొడి అనకు. మళ్లీ విను, బుస వదిలేసి విను. రెండో మూవ్‌మెంట్‌లో పాట క్లారినెట్ దగ్గర ఉన్నప్పుడు పియానో తోడు అల్లిక అల్లుతుంటుంది. చాలామంది అక్కడ కూడా తామే హీరో అన్నట్టు ప్రతి స్వరాన్నీ ముందుకు తోస్తారు. ఈయన వెనక్కి తగ్గిపోతాడు. తన వంతు రాగానే పాటని మధ్యలో ఎక్కడా విరవకుండా ఒకే ఊపిరిలో తీసుకెళ్తాడు. వాక్యం ఎక్కడికి పోతోందో తెలిసినవాడు ప్రతి మాట దగ్గరా ఆగడు.

షగిన్యాన్ అనే రచయిత్రి రాసింది ఒకటుంది. ఒక కచేరీ అయ్యాక హాలంతా ఊగిపోతుంటే ఈయన మాత్రం లోపల తిట్టుకుంటూ కూర్చున్నాడట, ‘పాయింటు’ జారిపోయిందని. ప్రతి కృతికీ ఒకే ఒక్క శిఖరం ఉంటుందని, మిగతాదంతా దాన్ని చేరుకోవడానికి కొలుచుకుని వాయించాలని, ఆ ఒక్కటి తప్పితే మొత్తం కూలిపోతుందని ఆయన నమ్మకం. ఇప్పుడు మళ్లీ వింటే ఎందుకు ఆగట్లేదో తెలుస్తుంది. నువ్వు కళ్లు తుడుచుకుందామనుకున్న చోట్లు ఆయన లెక్కలో దారిలో వచ్చే ఊళ్లు, దిగాల్సిన స్టేషన్లు కావు.

బెజవాడబాబు
మళ్లీ రైలేనా

న్యూజెర్సీ_నాని
నేను ఉండేది ఫిలడెల్ఫియాకి నది ఇవతల, క్యామ్‌డెన్ దగ్గర. విక్టర్ కంపెనీ ఫ్యాక్టరీ ఇక్కడే. ఇప్పుడు అందులో అపార్ట్‌మెంట్లు, పైన టవర్ అద్దాల మీద మన గ్రామఫోన్ కుక్క బొమ్మ ఇంకా ఉంది. ఆయన పియానో, ఆర్కెస్ట్రాల కోసం రాసిన పాగనీని రాప్సొడీ రికార్డయింది ఈ ఊళ్లోనే, విక్టర్ వాళ్లు స్టూడియోగా మార్చుకున్న ఒక చర్చిలో, 1934 డిసెంబర్ 24న. దాన్ని మొదటిసారి జనం ముందు వాయించింది నవంబర్ 7న, బాల్టిమోర్‌లో. అంటే రెండు నెలలు కూడా కాలేదు. ఆ వేసవిలో స్విట్జర్లాండ్‌లో లేక్ లూసర్న్ ఒడ్డున సెనార్ అనే తన ఇంట్లో కూర్చుని రాశాడు. ఇంత వేడివేడిగా రికార్డయిన క్లాసిక్ నాకు తెలిసి తక్కువ. కిట్టు గారూ, ముందు అది వినండి, ఎవరూ సాగదీయక ముందు ఆ ముక్క ఎలా ఉండేదో తెలుస్తుంది.

వైజాగ్_వీణ
ఆ రాప్సొడీలో పద్దెనిమిదో వేరియేషన్! పాగనీని పాటని తలకిందులు చేస్తే అంత అందం వస్తుందని ఎవరనుకుంటారు. అది మా ఏజెంటు కోసం రాశానని నవ్వేవాడట.

సుత్తి_లేకుండా
ఇరవై నాలుగోది వాయించే ముందు ఒక గ్లాసు క్రెమ్ డి మెంత్ (పుదీనా మద్యం) వేసుకునేవాడట, ఆ దూకుళ్లలో మెట్లు తప్పకుండా ఉండాలని. పియానిస్టు మొయిసేవిచ్ సలహా. మామూలుగా మందు ముట్టని మనిషి.

పల్నాటి_పిల్ల
మా పియానో టీచర్‌కి ఈ మాట చెప్పకండి ప్లీజ్. గ్రేడు పరీక్ష టెన్షన్‌కి మందు దొరికిందంటాడు.

విజయనగరం_వయొలిన్
ప్లేటు మీద చోటు గొడవ మన వాళ్లకి తెలిసినంత ఎవరికి తెలుసు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ప్లేట్లు వినండి. కచేరీలో గంట పట్టే సరుకుని మూడు నిమిషాల్లో పెట్టాలి. అయినా తొందర వినబడదు, ఏది ఉంచాలో ఏది వదలాలో ముందే తేల్చుకుని కూర్చున్నట్టు ఉంటుంది. రఖ్మానినోవ్ చిన్న ముక్కల రికార్డులు నాకు అలాగే అనిపిస్తాయి. క్రైస్లర్ వయొలిన్ కోసం రాసిన లీబెస్‌లైడ్‌ని ఈయన పియానోకి మార్చి వాయించాడు, అది విన్నాక పొడి అనే మాట ఎవరూ అనరు.

పాతప్లేట్లు
క్రైస్లర్ పేరు వచ్చింది కాబట్టి. ఇద్దరూ కలిసి 1928లో మూడు సొనాటాలు రికార్డు చేశారు, బీథోవెన్, షూబెర్ట్, గ్రీగ్. 1931లో ఒక గ్రామఫోన్ పత్రికతో మాట్లాడుతూ రఖ్మానినోవ్ చెప్పిందేంటంటే, గ్రీగ్ సొనాటా ఆరు వైపులూ ఒక్కోటి ఐదుసార్లకి తక్కువ కాకుండా చేశారట. ముప్పై ప్లేట్లలో మంచివి ఏరుకుని మిగతావి పగలగొట్టించాడు. క్రైస్లర్‌కి ఇంత చాకిరీ అంతగా నచ్చలేదేమో, గొప్ప కళాకారుడే గానీ మరీ కష్టపడటం ఇష్టముండదు అని చురక కూడా వేశాడు.

కాబట్టి కిట్టూ, 1929 కాన్సెర్టోలో నువ్వు విన్నది ఏదో పొరపాటున అలా వచ్చేసింది కాదు. నచ్చకపోతే ఒప్పుకునే మనిషి కాదాయన. అంతకుముందు 1924లో కూడా ఇదే ఆర్కెస్ట్రాతో మైకులు లేని రోజుల్లో శబ్దం పట్టే కొమ్ము ముందు కూర్చుని ఈ కాన్సెర్టో చేశాడు. మైకులు వచ్చాక మళ్లీ చేశాడు. వేగం విషయంలో మనసు మార్చుకోలేదు.

విజయనగరం_వయొలిన్
వాళ్లిద్దరి కార్నెగీ హాల్ కథ ఎవరూ చెప్పలేదే. వాయిస్తూ వాయిస్తూ క్రైస్లర్ దారి తప్పి, మెల్లిగా ‘ఎక్కడున్నాం?’ అన్నాడట. ఈయన తల తిప్పకుండా ‘కార్నెగీ హాల్లో’ అన్నాడట. నిజమో కల్పనో.

ఆంపికో_అన్న
అందరూ ప్లేట్ల దగ్గరే ఆగిపోయారు. ఈయన 1919 నుంచి 1929 దాకా ఆంపికో కంపెనీకి పియానో రోల్స్ కూడా చేశాడు. రంధ్రాలు పడ్డ కాగితపు చుట్ట, గాలితో నడిచే యంత్రం, పియానో దానంతటదే వాయిస్తుంది. బుస లేదు, గీత లేదు, ఎదురుగా మంచి పియానోలో ఇవాళ వాయించినట్టే. బుస వల్ల ఇబ్బంది ఉన్నవాళ్లు ఇవి వినొచ్చు.

నల్లమెట్లు
వినొచ్చు గానీ నమ్మకూడదు. రోల్‌లో ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడన్నది ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కాడన్నది కంపెనీ వాళ్లు కోడ్ చేసి ఎడిట్ చేసి పెట్టిందే. నువ్వు ఏ పియానో మీద పెట్టావు, దాని గాలి ఎంత సర్దుబాటు చేశావు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ ప్లేట్ల మీద మూడుసార్లు చేశాడు, 1919లో ఎడిసన్‌కి, 1921లో, 1928లో విక్టర్‌కి. రోల్ కూడా ఉంది. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని విను, రోల్‌లో మనిషి కనబడడు.

ఆంపికో_అన్న
నువ్వు సరిగ్గా సర్దిన పియానో మీద వినలేదని అర్థం. ఆయనే విని సంతకం పెట్టి వదిలాడు. ముప్పై ప్లేట్లు పగలగొట్టించినవాడు నచ్చని రోల్‌ని ఊరుకుంటాడా? పాతప్లేట్లు గారి లాజిక్ ఇక్కడ పనిచెయ్యదా?

పాతప్లేట్లు
నా లాజిక్‌తో నన్నే కొడుతున్నావన్నమాట.

బెజవాడబాబు
2009లో సోనీ ఒక సీడీ వేసింది, జెన్ఫ్ అనే కంపెనీ పాత ప్లేట్లని కంప్యూటర్‌తో చదివి, ఆ వాయింపునే కొత్త పియానో మీద మళ్లీ వాయింపజేసి రికార్డు చేశారు. అది ఎవరైనా విన్నారా

నల్లమెట్లు
విన్నా. శుభ్రంగా ఉంది. ఆస్పత్రి వాసన.

పల్నాటి_పిల్ల
ఆ సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ 19 ఏళ్ల వయసులో రాసి 40 రూబుళ్లకి అమ్మేశాడు. ప్రపంచమంతా వాయించింది, ఈయనకి పైసా రాలేదు. అమెరికాలో ఎక్కడికెళ్లినా చివర్లో జనం ‘సి షార్ప్!’ అని అరిచేవాళ్లు, అది వాయించకపోతే వదిలేవాళ్లు కాదు. పాపం అనిపిస్తుంది.

రాగమాలిక
ఇక్కడే నాకు అసలు విషయం ఉందనిపిస్తుంది. 1917 డిసెంబర్‌లో రష్యా వదిలేటప్పుడు ఆయన వయసు 44. భార్య, ఇద్దరు కూతుళ్లు, బండి మంచులో ఫిన్లాండ్ దాటింది. ఇవానోవ్‌కా ఎస్టేటు పోయింది, డబ్బు పోయింది. అప్పటిదాకా ఆయన ముందు కంపోజరు, తర్వాత కండక్టరు, పియానో మీద ఎక్కువగా తన కృతులే వాయించేవాడు. బోస్టన్ సింఫనీ వాళ్లు కండక్టరుగా రమ్మంటే వద్దన్నాడు. ఇల్లు గడవడానికి పియానిస్టుగా మారాలని నిర్ణయించుకుని, ఆ వయసులో షోపాన్, షూమన్, లిస్ట్ అందరినీ కూర్చుని సాధన చేసి, ఏటా ఊరూరా తిరిగాడు. దాని ఖరీదు ఏంటంటే, తర్వాతి పాతికేళ్లలో ఓపస్ నంబరు (కంపోజరు కృతుల వరుస సంఖ్య) పడ్డ కృతులు ఆరే, 40 నుంచి 45 దాకా. మనకి ఈ రికార్డులు ఉన్నాయంటే ఆయన రాయాల్సిన సంగీతం మానుకోబట్టి. అందుకే ఆ వాయింపుని ఒక రచయిత సరదాగా తన పాట పాడినట్టు వినలేను నేను.

కీబోర్డు_కిట్టు
ఈ కోణం నాకు తట్టలేదు. ఆయన సొంతవి కాకుండా ఇతరులవి ఏది ముందు వినాలి?

నల్లమెట్లు
షూమన్ కార్నవాల్, 1929. తర్వాత షోపాన్ రెండో సొనాటా, 1930. అందులో శవయాత్ర మార్చ్ ఉంటుంది చూడు. షోపాన్ రాసిన ప్రకారం మధ్యలో మెత్తని పాట అయ్యాక మార్చ్ మళ్లీ మెల్లగా మొదలవ్వాలి. రఖ్మానినోవ్ ఫుల్ సౌండుతో మొదలెడతాడు, గుండెల మీద కొట్టినట్టు. అక్కడి నుంచి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతాడు, శవయాత్ర మన ముందు నుంచి దాటి దూరమైపోతున్నట్టు. కాగితం మీద ఉన్నదానికి పూర్తిగా వ్యతిరేకం. పాతతరం రష్యన్ పియానిస్టు ఆంటన్ రూబిన్‌స్టైన్ దగ్గర నుంచి వచ్చిన పద్ధతి. ఇప్పుడు ఎవరైనా పోటీలో ఇలా వాయిస్తే మొదటి రౌండులోనే ఇంటికి పంపిస్తారు.

రాగమాలిక
చూశారా, షోపాన్ విషయంలో స్కోరుని లెక్కచేయనివాడి సొంత మెట్రోనోమ్ అంకెని మనం శాసనంలా పట్టుకోవాలంటున్నారు పైన మీరే :)

నల్లమెట్లు
శాసనం అనలేదు. సాగదీసినవాళ్లు మాత్రం స్కోరు పేరు ఎత్తకూడదన్నాను.

న్యూజెర్సీ_నాని
ఆ సొనాటాయే ఆయన చివరి కచేరీలో కూడా ఉంది. 1943 ఫిబ్రవరి 17, టెన్నెసీలో నాక్స్‌విల్. మార్చి 28న పోయాడు, డెబ్బైకి నాలుగు రోజులు తక్కువ. అమెరికా పౌరసత్వం తీసుకుంది ఆ ఫిబ్రవరిలోనే. సమాధి న్యూయార్క్ దాటాక వాల్హల్లాలో కెన్సికో శ్మశానంలో, రష్యన్ శిలువతో. డ్రైవ్ చేసి వెళ్లొచ్చాం, చుట్టుపక్కల ఎవరూ ఉండరు, దారి అడిగితే ఆఫీసులో మ్యాప్ ఇస్తారు.

విజయనగరం_వయొలిన్
కచేరీలు ఇన్ని చేశాడు కదా, రేడియోలో వచ్చినవి ఏమైనా మిగిలాయా?

పాతప్లేట్లు
లేవు. రేడియోకి తన కచేరీలు ఇవ్వడానికి ఒప్పుకునేవాడు కాదు, శబ్దం బాగోదని, ఇంట్లో కాళ్లు చాపుకుని వినడం వినడం కాదని. అందుకే ఆయన వేదిక మీద జనం ముందు వాయించింది మన దగ్గర దాదాపు ఏమీ లేదు. చివర్లో 1942 ఆగస్టు నుంచి అమెరికాలో వాద్యకారుల సంఘం రికార్డింగులే ఆపేసింది, ఆయన చివరి రికార్డులు ఆ ఏడాది ఫిబ్రవరిలో చేసినవి. అక్కడితో అయిపోయింది.

స్టూడియో బయట వాయించింది ఒక్కటే చెప్పుకోదగ్గది. 1940 డిసెంబర్‌లో సింఫోనిక్ డ్యాన్సెస్ అనే ఆర్కెస్ట్రా కృతి కొత్తగా రాశాక, ఆర్మాండీ దాన్ని కండక్ట్ చెయ్యబోతున్నాడు కాబట్టి ఆయనకి పియానో మీద వాయించి చూపించాడు. అది ప్రైవేటుగా రికార్డయి ఉండిపోయింది. మార్స్టన్ అనే రికార్డు కంపెనీ వాళ్లు 2018లో మూడు సీడీల సెట్‌లో వేశారు. వరసగా వాయించడు, ఇక్కడ ముక్క, అక్కడ ముక్క, మధ్యలో గొంతుతో పాడతాడు, మాట్లాడతాడు. ఆర్కెస్ట్రా మొత్తం రెండు చేతుల్లో ఉంటుంది.

వైజాగ్_వీణ
దీన్నే రెండు పియానోల రూపంలో పియానిస్టు హొరొవిట్జ్‌తో కలిసి ఇంట్లో వాయించాడంటారు కదా. అది ఏ కంపెనీ అయినా రికార్డు చేసి ఉంటే...

సుత్తి_లేకుండా
చేసి ఉంటే ఇక్కడ ఇంకో యాభై పోస్టులు పడేవి, హొరొవిట్జ్ స్పీడు ఎక్కువా ఈయనది ఎక్కువా అని.

కీబోర్డు_కిట్టు
మార్స్టన్ సెట్ ఆర్డర్ పెట్టాను. పాతప్లేట్లు గారూ, 1924 అకౌస్టిక్ (కొమ్ముతో చేసిన) కాన్సెర్టోకి పాత ప్లేటు నుంచి తీసిన మంచి ట్రాన్స్‌ఫర్ మీ దగ్గర ఉంటే ఎవరు చేసిందో చెప్పండి, యూట్యూబ్‌లో ఉన్నవాటిలో ఒకదానికొకటి శ్రుతి కూడా కలవట్లేదు.